అక్క నాలుగులో, నేను ఐదులో

ఆ రోజుల్లో బడిపిల్లలు రెండే రకాలు. హుషారు పిల్లలు, మొద్దు పిల్లలు. మూడో రకం ఒకటి ఉండొచ్చన్న అనుమానం మా ఊరి బడికీ రాలేదు, మా ఇంటికీ రాలేదు. చిక్కేమిటంటే నేను రోజూ రెండు రకాలుగానూ ఉండేదాన్ని. పొద్దున లెక్కల గంటలో హుషారు, మధ్యాహ్నం అన్నం తిన్నాక తెలుగు గంటలో మొద్దు. (ఇదంతా అన్నం మహిమేనని మా అమ్మ కొన్నాళ్ళు నాకు పెరుగు మానిపించింది కూడా.) ఇప్పుడు దానికి నోరు తిరగని పేరొకటి వచ్చింది, డాక్టర్లు వచ్చారు, కాగితాలు వచ్చాయి. మొన్న నిజామాబాదులో నేను లెక్కలు చెప్పే కాలేజీకి ఒకావిడ తన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పాపకు చదవడం రాదట, లెక్కల్లో మాత్రం బళ్ళో అందరినీ దాటి పోతోందట, పై తరగతిలో వేద్దామని వాళ్ళ బడివాళ్ళు అంటున్నారట. "మీరేమంటారు మేడమ్?" అని అడిగింది. నేను డాక్టరు కాగితం అటూ ఇటూ తిప్పి, బాగా ఆలోచించినట్టు మొహం పెట్టి, "ఇంట్లో అక్క ఉందా?" అన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఒక్కతే కూతురు అని చెప్పి, కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. ఆవిడకు తర్వాత సరైన సలహాయే చెప్పాననుకోండి. కానీ ఆ ప్రశ్న నోట్లోంచి ఊరికే రాలేదు.

మా ఊరు బోధన్‌కి బస్సులో అరగంట. బడికి ఒకటే గది, ఒక వరండా, ఒకే ఒక సారు. ఒకటి, రెండు తరగతులు వరండాలో, మిగతా మూడు తరగతులు గదిలో మూడు వరసలుగా. సారు కాలువ కింద భూమి కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళింటి మనిషి. ఎండాకాలం, వానాకాలం, చలికాలం తేడా లేకుండా సైకిలుకు గొడుగు కట్టుకుని వచ్చేవారు కాబట్టి ఆయన మాకు గొడుగు సారు. చెరుకు సీజనులో ఆయన గొంతు సగమే వినబడేది. బడి ముందు నుంచే బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయే ట్రాక్టర్లు, బండ్లు బారులు తీరేవి మరి. చెరుకు గడ లాగడానికి ట్రాలీ వెనక ఎవరు ముందు పరిగెత్తుతారన్నదే మా అసలు పరీక్ష. ఆ గదిలో ఒక సౌకర్యం ఉండేది. మూడో తరగతి వరసలో కూర్చున్నా ఐదో తరగతి పాఠం కూడా చెవిన పడేది. నాకు చెవే ఆధారం. అచ్చులో ఉన్న అక్షరాలు నా కళ్ళ ముందు నిలబడేవి కావు. మ చూస్తే య లాగుండేది, ప చూస్తే వ లాగుండేది, వత్తులు నా అనుమతి లేకుండా ఒక అక్షరం కింద నుంచి ఇంకో అక్షరం కిందికి జరిగిపోయేవి. అందరికీ అలాగే ఉంటుందేమో, మిగతావాళ్ళు ధైర్యవంతులు కాబట్టి చదివేస్తున్నారేమో అనుకునేదాన్ని.

మరి మూడో తరగతి దాకా ఎలా నెట్టుకొచ్చానంటే, అక్క. అక్క నాకంటే ఒక తరగతి పెద్దది. సాయంత్రం అవ్వ బీడీల చాట ముందేసుకుని కూర్చుంటే, మేమిద్దరం పక్కన ఆకు కత్తిరిస్తూ కూర్చునేవాళ్ళం. (మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం.) అక్క నా తెలుగు వాచకం మోకాళ్ళ మీద పెట్టుకుని పాఠం రెండుసార్లు చదివేది. రెండుసార్లు వింటే నాకు చాలు, ముక్క పొల్లుపోకుండా వచ్చేసేది. పేజీ ఎక్కడ తిప్పాలో కూడా అక్కే చెప్పేది. "‘అప్పుడు రాజు’ అన్నంక తిప్పాలె. యాదుంచుకో" అనేది. నేను మర్నాడు బళ్ళో నిలబడి, వరసల మీద వేలు నడిపిస్తూ, ‘అప్పుడు రాజు’ దగ్గర ఠీవిగా పేజీ తిప్పేదాన్ని. నాకంటే బాగా చదివేవాళ్ళు తరగతిలో లేరని గొడుగు సారు అనేవారు. నోటుబుక్కులో ఇంటిపని అక్క చేతిరాతే. వాక్యం ఎక్కడ అయిపోయిందో నాకు తెలియాలని అక్క చుక్క వచ్చినప్పుడల్లా నా తొడ మీద గిచ్చేది. పొడుగు వాక్యాల పాఠాలంటే నాకు ఇష్టం అందుకే ఏర్పడింది.

ఒకరోజు సారు ఐదో తరగతి వాళ్ళకు లెక్క ఇచ్చారు. బండికి ముప్పై ఆరు చెరుకు కట్టలు, అలాంటి బండ్లు పదిహేడు, మొత్తం కట్టలెన్ని? వాళ్ళు ఇంకా పలక తుడుచుకుంటున్నారు. "ఆరువందల పన్నెండు" అని ఎవరో అన్నారు. ఎవరో ఏమిటి, నేనే. నోరు ఊరుకోలేదు.

"ఎవర్రా అది చెప్పింది?" అన్నారు సారు. గది మొత్తం నా వైపు తిరిగింది. "ఇలా రావే అమ్మాయ్" అని పిలిచి ఇంకో పది లెక్కలు అడిగారు. నోటితో అడిగారు కాబట్టి నేను నోటితో చెప్పేశాను. ఆయన గొడుగు తీసి మళ్ళీ మూల పెట్టి, "నువ్వు నాలుగులో కూర్చుని చేసేదేం లేదమ్మా. వచ్చే ఏడు తిన్నగా ఐదుకి పో. నీకు డబల్ ప్రమోషన్" అన్నారు.

నేను ఆ మాట నోట్లో పెట్టుకుని, అది కింద పడకుండా ఇంటికి పరిగెత్తాను. వాకిట్లోంచే "అవ్వా, డబల్ ప్రమోషన్!" అని అరిచాను. పక్కింటి పెద్దవ్వకు ఆ రెండు మాటలే వినబడ్డాయి. ప్రమోషన్ అనేది ఫ్యాక్టరీలో పనిచేసే మగవాళ్ళకే వస్తుందని ఆవిడకు గట్టి నమ్మకం. బాపు ఫ్యాక్టరీలో సీజను కూలీ. చెరుకు ఆడినన్నాళ్ళు పని, తర్వాత ఇంట్లో ఖాళీ. ఎప్పటికైనా పర్మనెంట్ అవుతానని ఏటా అనుకునేవాడు. పొద్దుగూకే వేళ ఆయన సైకిలు దిగకముందే వాడలో నలుగురు ఎదురొచ్చారు. "మామా, పర్మనెంటే గాకుండ డబలంట గదా! దావత్ ఎప్పుడు?" అన్నారు. బాపు నిజమే అనుకున్నాడు. ఫ్యాక్టరీ వాళ్ళు తనకు చెప్పడం మరచిపోయి ఊరికి చెప్పారేమో అనుకుని మళ్ళీ సైకిలెక్కి పోయి జిలేబీ పొట్లం తెచ్చాడు. ఇంట్లో సంగతి తెలిశాక ఆ పొట్లం వంకే కాసేపు చూశాడు. తర్వాత దారం తెంపి, "ఎవలిదైతేంది, ఇంట్లకే వచ్చె గదా" అని మొదటి జిలేబీ చుట్ట నా నోట్లో పెట్టాడు. అక్కకు ఇస్తే, "నాకు పన్ను నొస్తుంది" అంది. అక్క పళ్ళు రాళ్ళు కొరికేవి. నాకు అప్పుడు అర్థం కాలేదు, రెండు చుట్టలు ఎక్కువ దొరికాయని సంతోషించాను.

అక్కకూ ఐదే కదా! కొత్త ఏడు నేను నా సంచి తీసుకుపోయి అక్క పక్కనే కూర్చున్నాను. అక్క మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు తెలుగు గంటలో సారు నన్ను లేచి చదవమన్నారు. మూడు రోజులుగా అక్క అలిగి ఉంది కాబట్టి పాఠం నా చెవిన పడలేదు. పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు నా నడుము దగ్గర సన్నగా ఒక గొంతు వినబడింది. అక్క తల వంచుకుని, పెదవులు కదపకుండా చదువుతోంది. నేను ఆ వెనకే గట్టిగా చదివాను. కూర్చున్నాక, "ఇయ్యాల్టికే. రేపు నీ చావు నువ్వు చావు" అంది. మర్నాడూ చదివింది. లెక్కల గంటలో నేను అక్కకు జవాబులు అందించాను. ఇద్దరం కలిస్తే నిండుగా ఒక విద్యార్థి అయ్యేవాళ్ళం. ఆ నాలుగు నెలలంత సుఖంగా నేను ఏ బెంచీ మీదా మళ్ళీ కూర్చోలేదు. చేతికి చెయ్యి తగిలేంత దగ్గర, అక్క తలకు రాసుకున్న నూనె వాసన, చెవిలో ఆ సన్నని గొంతు. ఇప్పుడు ఎవరైనా నాకు ఏదైనా చదివి వినిపిస్తే నా కళ్ళు నాకు చెప్పకుండానే మూసుకుపోతాయి.

చెరుకు సీజను మొదలైన కొత్తలో ఇన్‌స్పెక్షన్‌కి పెద్ద సారు వచ్చారు. బూడిదరంగు సఫారీ సూటు వేసుకున్నారు కాబట్టి మేము ఆయనకు సఫారీ సారు అని పేరు పెట్టేశాం. గొడుగు సారు గర్వంగా నన్ను చూపించి, "డబల్ ప్రమోషన్ పిల్లండీ" అన్నారు. "ఏదీ, ఒక పాఠం చదువు" అన్నారు సఫారీ సారు. ఐదో తరగతి వాచకంలోనూ ఒక రాజు కథ ఉంది, అదే తీశాను. ముందు రోజే విన్నది, భయమేముంది? వేలు నడిపిస్తూ, గొంతు ఎత్తి దించుతూ, ఇక్కడ కూడా ‘అప్పుడు రాజు’ దగ్గరే పేజీ తిప్పాను. జరిగిందేమిటంటే, ముందు రోజు సాయంత్రం ఆ పుస్తకం మీదే పెట్టుకుని చెరుకు గడ నమిలాను. రసం కారి రెండు పేజీలు అతుక్కుపోయాయి. ఒకటి తిప్పితే రెండు తిరిగాయి. రాజు పేజీ దాటిపోయి తర్వాతి పాఠం వచ్చింది. నాకు తెలిసే దారేది? నేను రాజు గురించే చదువుతున్నాను. సఫారీ సారు కళ్ళద్దాలు సర్దుకుని నా పుస్తకంలోకి వంగారు.

"రాజు కథలో ఈ పోస్ట్‌మ్యాన్ ఎందుకున్నాడమ్మా?"

చూద్దును కదా, నా వేలి కింద సైకిలు మీద పోస్ట్‌మ్యాన్ బొమ్మ. బొమ్మలు నాకు బాగానే కనబడతాయి. "రాజుకు ఉత్తరం తెచ్చిండు సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. పేజీ అంచు పట్టుకుని లాగి చూసి, వేలు వాసన చూసి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఒక మాట రాశారు. "ఇది చదువు." మొదటిది చ అని పోల్చుకున్నాను. చివర్న క లాంటిదేదో ఉంది. ఆలోచించి, "చక్కెర" అన్నాను. గది గొల్లుమంది. ఆయన రాసింది చెరుకు. (ఫ్యాక్టరీ లెక్కన చూస్తే నేను మరీ అంత తప్పు చెప్పలేదు.) గొడుగు సారు మొహం మాత్రం చూడలేకపోయాను. "ఈ అమ్మాయికి ఒక్క మాట చదవడం రాదండీ. ఏం చూసి ఐదులో వేశారు? రేపటి నుంచి మూడులో కూర్చోబెట్టండి" అన్నారు సఫారీ సారు. మూడో తరగతి వరస గదికి ఆ చివర. నాకు ఆ చివర నుంచి అక్క గొంతు వినబడదు. నాకు ఏడుపొచ్చింది చదువు పోతున్నందుకు కాదు, ఆ దూరానికి.

అప్పుడు అక్క లేచి నిలబడింది. అక్క పెద్దవాళ్ళ ముందు నోరు విప్పగా నేను అంతకు ముందు చూడలేదు. "సార్, దానికి సదువుడు వస్తలేదు. గని వింటే అన్ని వస్తయ్. నేను సదువుత, అది చెప్తది. మీరే సూడుండ్రి" అంది. సఫారీ సారు సంచిలోంచి పై తరగతి లెక్కల పుస్తకం తీసి అక్క చేతికిచ్చారు. అక్క చదివింది. ఇరవై నాలుగు మంది పదిహేను రోజుల్లో నరికే చెరుకు తోటను పద్దెనిమిది మంది ఎన్ని రోజుల్లో నరుకుతారు? "ఇరవై" అన్నాను. ఊరుకోవచ్చు కదా! "గని సార్, నడిమిట్ల పండుగొస్తే ఇరవై రెండైతయ్" అన్నాను. ఈసారి ఆయన నవ్వారు. ఇంకో నాలుగు లెక్కలు అక్క చదివింది, నేను చెప్పాను.

సఫారీ సారు చాలాసేపు సుద్దముక్క వేళ్ళ మధ్య దొర్లించారు. "సరే. ఐదులోనే ఉండనివ్వండి. కానీ మధ్యాహ్నం పూట ఒకటో తరగతిలో కూర్చుని అక్షరాలు దిద్దాలి. పరీక్షలో చదివిపెట్టడానికి, రాసిపెట్టడానికి ఒక మనిషిని ఇవ్వండి. ఆ మనిషి మాత్రం ఐదో తరగతి కాకూడదు, అది కాపీ అవుతుంది. కింది తరగతి వాళ్ళైతే ఫర్వాలేదు" అన్నారు. అది ఎక్కడైనా రాసి ఉన్న రూలో, అప్పటికప్పుడు ఆయన బుర్రలో పుట్టిందో నాకిప్పటికీ తెలీదు. గొడుగు సారు నాలుగో తరగతి వరస వైపు చూసి నిట్టూర్చారు. అక్కడున్న నలుగురిలో తడుముకోకుండా చదివేవాళ్ళు ఒక్కరూ లేరు.

మర్నాడు పొద్దున బడికి పోయాక అక్క నా పక్కన కూర్చోలేదు. సంచి తీసుకుని తిన్నగా పోయి నాలుగో తరగతి వరసలో మొదట కూర్చుంది. "ఏవిటే ఇది? లేచి ఇటు రా" అన్నారు సారు. "నాకు నాలుగుల లెక్కలు మంచిగ రాలే సార్. మల్ల సదువుత" అంది అక్క. సారు కోప్పడ్డారు, బతిమాలారు, బాపును పిలిపించారు. బాపు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఇద్దరి వైపూ చూసి, "దాని ఇష్టం సార్" అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం అవ్వ బీడీలు చేస్తూ చాటలోంచి తల ఎత్తలేదు. ఇల్లంతా అలా ఉండడం చూసి, నేను లెక్కల్లో ఘనురాలిని కదా, ఒక లెక్క చెప్పి అందరినీ ఓదార్చాను. "నేనొకటి మీదికి పోయిన, అక్కొకటి కిందికి పోయింది. లెక్క బరాబర్ అయ్యింది గదా!" అన్నాను. నా జవాబుకు నేనే మురిసిపోయాను. అంతటితో ఊరుకోక, బడికి పోయేటప్పుడు, "నేను నీకు సీనియర్‌ను, నా సంచి పట్టు" అని అక్క వెంటపడేదాన్ని. అక్క నా జడ పట్టుకుని లాగేది కానీ సంచి మాత్రం పట్టేది. ఆ లెక్క తప్పని తెలియడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది.

ఆ ఏడంతా పొద్దున ఐదో తరగతి దొరసానిని, మధ్యాహ్నం వరండాలో ముక్కు కారే పిల్లల మధ్య ఇసుకలో అ, ఆ దిద్దుకునే ఒకటో తరగతి ముసలిదాన్ని. ఒకడు నాకు బలపం పట్టుకోవడం నేర్పించాడు. అక్షరాలు నెమ్మదిగా, విసుగ్గా నిలబడ్డాయి. పరీక్ష రోజు నాలుగో తరగతి అక్క ఐదో తరగతి నాకు ప్రశ్నలు చదివింది. చుక్క వచ్చినప్పుడల్లా తొడ మీద గిచ్చింది. నేను చెప్పింది చెప్పినట్టు రాసింది, నా తప్పులతో సహా. నేను పాసయ్యాను.

పాసయ్యి బోధన్ హైస్కూలుకు పోయాను, ఒక్కదాన్నే. పొద్దున్నే బస్సు కిటికీలోంచి చూస్తే, అక్క అదే ఊరి బడికి మా పాత దారిలో నడుస్తూ కనబడేది. హైస్కూలులో నాకు చదివిపెట్టేవాళ్ళు లేరు. సాయంత్రం ఇంటికొస్తే అక్కే చదివేది, తనకు అర్థంకాని పాఠాలు కూడా. మరుసటేడు అక్క ఐదు పాసయ్యే నాటికి బాపుకు సీజను పని పోయింది. ఇద్దరికీ బస్సు అంటే కుదరదన్నారు. నేను అప్పటికే అక్కడ ఉన్నాను, లెక్కల్లో పేరు కూడా తెచ్చుకున్నాను. అక్క ఇంకా ఇక్కడే ఉంది. వరస మార్చకుండా ఉండి ఉంటే నాతో పాటు అదే బస్సులో ఉండేది. ఎవరూ ఆ మాట అనలేదు. అక్క బీడీల చాట ఒళ్ళోకి తీసుకుంది. నా పుస్తకం మోకాలి పక్కన నేల మీద పెట్టుకుని, చేతులు ఆకు చుడుతుండగా కళ్ళతో చదువుతూ నాకు వినిపించేది. పేజీ తిప్పడం నా పని అయింది.

నేను లెక్చరర్ని అయ్యాను, అక్క వేల్పూర్‌లో పసుపు పండించే ఇంటికి కోడలైంది. ఇప్పుడు నేను చదవగలను. నెమ్మదిగా, వేలు పెట్టి, ఒక్కో వాక్యం రెండేసి సార్లు. పిల్లల జవాబు పేపర్లు దిద్దుతూ అలిసిపోయిన సాయంత్రాలు ఎవరైనా పక్కన కూర్చుని చదివితే బాగుండుననిపిస్తుంది. ఎవరైనా అంటే ఎవరైనా కాదు. ఈ ఏడు పసుపు ఎండబెట్టే రోజుల్లో అక్క వాళ్ళ కల్లానికి పోయాను. అక్క వంగి ఎండిన కొమ్ములు తిరగేస్తోంది. ఒళ్ళంతా పసుపు. నేను కూడా వంగి నాలుగు కొమ్ములు తిరగేసి, ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్నది చెప్పాను. "అక్కా, నేను చెప్పిన లెక్క తప్పు. గదే, నేను మీదికి, నువ్వు కిందికి, బరాబర్ అన్న లెక్క. నా కోసం నీ సదువు పోయింది."

అక్క నడుము మీద చెయ్యి పెట్టుకుని లేచింది. "నీ కోసం గూడ పోయిన. కాదంటలేను" అంది. "గని ఐదుల నీ పక్కన కూసుంటే నాకెట్లుండేనో ఎరికేనా? సారు అడుగుడు, చెల్లె చెప్పుడు, అక్క తల వంచుకునుడు. నాలుగులకు పోయినంక తల లేపిన. ఆ ఏడు నేనే ఫస్టచ్చిన. నా బతుకుల ఒక్కటేసారి ఫస్టచ్చిన. యాదికుందా?"

నాకు గుర్తులేదు. ఎంత తవ్వుకున్నా గుర్తులేదు. ఏ పాఠం ఏ మాట దగ్గర పేజీ తిరుగుతుందో ఇప్పటికీ చెప్పగలిగే నాకు, మా అక్క ఫస్టు వచ్చిన రోజు గుర్తులేదు. "ఫస్టొస్తే ఏమిచ్చిండ్రు?" అని అడిగాను.

"ఏమిస్తరు? సారు నా పేరు సదివి చప్పట్లు కొట్టుమన్నడు. అందరు కొట్టిండ్రు."

"నేను?"

"నువ్వేడున్నవ్? చెరుకు బండెన్క ఉరికినవ్."

అక్క పడీ పడీ నవ్వింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్ళు నిండాయి, రెండూ ఒకేసారి ఎలా వస్తాయో కానీ వచ్చాయి. కల్లంలో కూలీలున్నారు, అక్క కోడలుంది, కొనడానికొచ్చిన బేరగాడు కూడా ఉన్నాడు. నేను ఆ కొమ్ముల మధ్య నిలబడి, నలభై ఏళ్ళకు దగ్గరపడిన ఈ లెక్కల మేడమ్, రెండు చేతులూ గట్టిగా చరిచి చప్పట్లు కొట్టాను. చేతుల్లోంచి పసుపు దుమ్ము లేచి ఇద్దరికీ తుమ్ములొచ్చాయి.

"సాలు తియ్యే, పిచ్చిదానా. అందరు సూస్తుండ్రు" అంది అక్క. అంటూనే తల ఎత్తుకుని నిలబడింది. నేను ఇంకాసేపు కొట్టాను.